కంచె అవతలి మగ మొక్క

సొస్నొవీ యార్
1975 సెప్టెంబరు 4

అత్తయ్యకు,

ఫైనా నమస్కరించి రాస్తున్నది. ముందు మంచి కబురు చెప్పేస్తాను. కలపమిల్లు వాళ్లు నాకూ ఒక తోటముక్క ఇచ్చారు. ఆరు వందల చదరపు మీటర్లు. ఓబ్ నది వంక తిరిగే చోట, పాత చిత్తడి పక్కన. కమిటీలో ఒకాయన, "ఒంటరి ఆడమనిషి ఏం పెంచుతుందమ్మా, బంగాళదుంపలు తప్ప?" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "దుంపలు మీరు వేసుకోండి, నేను పళ్లు పండిస్తాను" అనేశాను. ఇప్పుడు పండించకపోతే మిల్లులో తలెత్తుకు తిరగలేను.

నిజం చెప్పాలంటే, అత్తయ్యా, రోషం ఒక్కటే కాదు. అర్సేనీ లారీతో నదిమీది లేత మంచులో మునిగిపోయి ఈ నవంబరుకి రెండేళ్లు. మామూలు రోజులు మిల్లులో దుంగలు లెక్కపెడుతూ గడిచిపోతాయి. ఆదివారాలే గడవడం లేదు. గోడకేసి చూస్తూ కూర్చోవడం కంటే మట్టిలో కూర్చోవడం నయం అనిపించింది.

నాకు తోటపని అ ఆలు కూడా రావు. మా అమ్మ బతికుంటే నేర్పేదేమో. ఇక్కడ చలి సున్నాకి కింద నలభై ఐదు దాకా దిగుతుంది. ఏం నాటాలో, ఏం నాటకూడదో మీరే చెప్పాలి. ఒక్కటి మాత్రం నేనే అడుగుతున్నాను. మీ గేటు పక్కన ఆయన సైన్యం నుంచి వచ్చిన ఏడు నాటిన ప్లమ్ చెట్టు ఉంది కదా, దాని పిలక ఒకటి పంపండి. అది బతికితే నాకింకేమీ అక్కర్లేదు.

మీ కోడలు
ఫైనా


కెద్రొవ్కా
1975 సెప్టెంబరు 19

ఫైనా,

కమిటీ మొహాన మంచి మాట కొట్టావు. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకునే పని చూద్దాం.

మొదట ఆ నేలమీద ఒక చలిరోజు పొద్దున్నే నిలబడు. చల్లగాలి కూడా నీళ్లలాగే పల్లానికి పారి అక్కడే మడుగు కడుతుంది. నీ ముక్కలో పల్లం ఎటుందో చూసి, అటు స్మొరోదినా పొదలు పెట్టు. నల్లని గుత్తులు కాసే ఆ పొదకి చలి అంటే లెక్కలేదు. మిట్ట మీద జీమొలస్త్ పెట్టు. నీలం రంగు పొడుగు పండు, అందరికంటే ముందు జూన్‌లోనే చేతికొస్తుంది. ఒకే రకం పెడితే పూస్తుంది గాని కాయదు, అందుకే మూడు రకాలు పంపుతున్నాను. వాటికి శరదృతువే మంచిది, పార్సెల్ అందిన రోజే నాటెయ్. వేళ్లకి తడి నాచు చుట్టాను, విప్పి ఎండలో పెట్టి ముచ్చట చూస్తూ కూర్చోకు.

యాపిల్ నిలువుగా పెంచుదామని కలలు కనకు. మీ చలికి నిలబడ్డ యాపిల్ కట్టెపుల్లే అవుతుంది. చిన్నప్పుడే పడుకోబెట్టి, కొమ్మల్ని కొక్కేలతో నేలకి కట్టి పాకించాలి. చలికాలమంతా మంచు కింద పడుకుంటుంది, వేసవిలో నీ మోకాలి దగ్గర కాస్తుంది. చూడ్డానికి వింతగా ఉంటుంది, తినడానికి కాదు. అదీ, ఒబ్లెపీఖా కూడా వసంతంలో పంపుతాను. ఆ ముళ్ల చెట్టుని శరదృతువులో కదిపితే చచ్చి ఊరుకుంటుంది.

ప్లమ్ మాత్రం వద్దు. అది పెంకిది. నీలాంటి కొత్తవాళ్ల చేతిలో బతకదు. మళ్లీ అడగకు.

ఇంకోమాట. నీకూ నాకూ మధ్య పిల్లా జెల్లా లేరు. వాడున్నన్నాళ్లు వాడు, ఇప్పుడు ఈ ఉత్తరాలు. అందుకని ఉత్తరం ఆలస్యమైతే నాకు తిండి సయించదు. తోట పేరు చెప్పుకునైనా రాస్తూ ఉండు.

ఉస్తీన్యా సవ్విచ్నా


సొస్నొవీ యార్
1976 జనవరి 11

అత్తయ్యా,

నాలుగు రోజులుగా చలి సున్నాకి కింద నలభై ఏడు. గాలి పీలిస్తే ముక్కులో గుచ్చుకుంటోంది. మీ జీమొలస్త్ ఎలా ఉందోనని వెళ్లి చూస్తే, మంచులోంచి ఎర్రటి పుల్లలు నాలుగు నిక్కి చూస్తున్నాయి. నాకంటే అవే ధైర్యంగా ఉన్నాయి.

మీరు మళ్లీ అడగవద్దన్నారు గాని అడుగుతున్నాను. ఆ ప్లమ్ పిలక కావాలి. ఆయన బట్టలు ఇచ్చేశాను. గడియారం నదిలోనే పోయింది. ఆయన చేత్తో తాకినదని చెప్పుకోవడానికి నా దగ్గర ఊపిరి ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. పెంకిదైతే అవనీయండి. నేను తక్కువ పెంకిదాన్నా?

ఫైనా


కెద్రొవ్కా
1976 మే 2

పెంకిపిల్ల ఫైనాకి,

సరే, గెలిచావు. పెట్టె పంపుతున్నాను. అందులో యాపిల్ మొక్కలు రెండు, ఒబ్లెపీఖా నాలుగు, ప్లమ్ పిలక ఒకటి.

ఒబ్లెపీఖాలో మూడు ఆడవి, ఒకటి మగది. మగదానికి ఎర్ర దారం కట్టాను. మొగ్గలు చూసినా తెలుస్తుంది, లావుగా, పొలుసులు పొలుసులుగా ఉంటాయి. అది లేకపోతే ఆడవి పచ్చగా పెరుగుతాయి గాని ఒక్క కాయా కాయవు. గాలి ఎటునుంచి ఎక్కువ వీస్తుందో చూసి అటువైపు నాటు.

ప్లమ్ గురించి చెవులు రిక్కించి విను. దాన్ని మట్టి దిబ్బ చేసి పైన నాటు. చలికాలంలో నేల గట్టిగా గడ్డకట్టకముందే దానిమీద మంచు పోశావా, లోపల వెచ్చగా ఉండి మొదలు దగ్గర బెరడు కుళ్లిపోతుంది. అది చలికి చావదు, ఉక్కకి చస్తుంది. మొదటి మంచు పడగానే ఉన్ని ఫెల్ట్ బూట్లు వేసుకుని దాని చుట్టూ గట్టిగా తొక్కు. చలి కిందికి దిగాలి. జాలి పడకు.

ఊళ్లో కబుర్లంటే, పక్కింటి అకులీనా కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంది. అకులీనా కొడుకు పోయి నాలుగేళ్లు. వచ్చినవాడు పడవ నడిపేవాడట. పెళ్లయ్యాక ఆ పిల్ల తేనె సీసా పట్టుకుని అత్తగారిని చూడ్డానికి వస్తే, అకులీనా గడప తొక్కనివ్వలేదు. ఊరంతా తలో మాటా అన్నారు. నేను అకులీనా పక్షమే మాట్లాడాను. కొడుకు పోయాక కోడలు కూడా పోతే ఆ ముసలిదానికి ఇంక మిగిలిందేమిటి?

పెట్టె అందగానే రాయి.

ఉస్తీన్యా సవ్విచ్నా


సొస్నొవీ యార్
1976 జూన్ 20

అత్తయ్యా,

పెట్టె అందింది, ఒక మూల నలిగి ఉంది. పాపం ఎర్ర దారం కట్టిన మగ మొక్కే విరిగి, ఎండిపోయింది. మిగిలినవన్నీ బతికాయి. యాపిల్ మొక్కల్ని మీరు చెప్పినట్టే పడుకోబెట్టాను. ప్లమ్ దిబ్బ మీద కూర్చుంది, ఐదు ఆకులు వేసింది. పొద్దున లేచి దానికి కనిపించకుండా మిల్లుకి వెళ్లను.

నా తోట పక్కన ఒక సణుగుడు మనిషి ఉన్నాడు. నదిలో దుంగలు లాగే స్టీమర్లలో ఇంజన్లు బాగుచేస్తాడు. కంచె మీదనుంచి చూసి, "యాపిల్ చెట్లకి జ్వరమా, పడుకోబెట్టావు?" అని అడిగాడు. "మీ నోటికి జ్వరం వస్తే బాగుండు" అన్నాను. అప్పట్నుంచి మాటల్లేవు.

మగ మొక్క మళ్లీ పంపకండి, ఎందుకు శ్రమ. కాయడానికి ఎలాగూ మూడు నాలుగేళ్లు పడుతుందంటున్నారు, అప్పటికి చూసుకుందాం.

అకులీనాగారి సంగతి చదివాను.

ఫైనా


సొస్నొవీ యార్
1977 జూన్ 28

అత్తయ్యా,

మొదటి పంట. జీమొలస్త్ మూడు కప్పులు. మిల్లు కాంటీన్‌కి తీసుకెళ్లి, అప్పట్లో దుంపల మాట అన్న కమిటీ పెద్దమనిషి చేతిలో గుప్పెడు పోశాను. మూతి ఎర్రగా, నాలుక నీలంగా చేసుకుని, "పుల్లగా ఉందమ్మా" అంటూనే మళ్లీ చెయ్యి చాపాడు. మిగిలినవాటిని పిండిలో పెట్టి పిరోగ్ కాల్చాను. ఒంటరిగా తినలేక వీధిలో పంచాను.

యాపిల్ కొమ్మల్ని ఎలుకలు కొరక్కుండా చలికాలంలో ఫర్ చెట్టు రెమ్మలు కప్పమని పక్క తోట యెఫీమ్ లుకీచ్ చెప్పాడు. ఆయనే తెచ్చి కప్పాడు కూడా. నోరు అలాంటిది గాని చెయ్యి మంచిది. ఆయన భార్య పదేళ్ల క్రితం భూమి లోపల ఖనిజాలు వెతికేవాడితో వెళ్లిపోయిందట. "అప్పట్నుంచి నేను భూమి పైన పెరిగేవాటితోనే మాట్లాడుతున్నాను" అని చెప్పి తనే నవ్వాడు.

ప్లమ్ బాగానే ఉంది. మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయలేదు మీరు.

ఫైనా


కెద్రొవ్కా
1977 ఆగస్టు 15

ఫైనా,

మోకాళ్లు వాటి దారిన అవి నొప్పెడుతున్నాయి, నా దారిన నేను నడుస్తున్నాను.

మూడు కప్పులు తక్కువేం కాదు. నా మొదటి పంట పదకొండు పళ్లు, అందులో నాలుగు పిచ్చుకలు తిన్నాయి. పుల్లగా ఉంటే ముదరనివ్వలేదన్నమాట. నీలం తిరిగిన రోజే కోసేశావు కదూ? తిరిగాక కూడా వారం ఆగాలి. ఆత్రం నీకు పుట్టుకతోనే ఉంది. పెళ్లైన కొత్తలో ఉడకని పిరోగ్‌ని పొయ్యిలోంచి తీసి అర్సేనీకి పెట్టావు, గుర్తుందా? పాపం కిక్కురుమనకుండా తిన్నాడు వాడు.

ప్లమ్ బాగానే ఉందన్నావు. 'బాగానే' అంటే ఎంత ఎత్తు? ఎన్ని కొమ్మలు?

ఉస్తీన్యా సవ్విచ్నా


సొస్నొవీ యార్
1978 జులై 9

అత్తయ్యా,

ఇన్నాళ్లు రాయనందుకు కోప్పడకండి. స్మొరోదినా విరగకాసింది, బకెట్లతో మోస్తున్నాను. చక్కెర కలిపి నలభై సీసాలు పెట్టాను, మీకు ఆరు పంపుతున్నాను. యెఫీమ్ చెక్కపెట్టె చేసి, సీసాల మధ్య రంపపు పొట్టు నింపాడు. ఈసారి ఏదీ నలగదు.

పాకే యాపిల్‌కి ఏడు కాయలు. మోకాళ్లమీద కూర్చుని లెక్కపెడుతుంటే, "దేవుడికి దండం పెడుతున్నావా, కాయలకా?" అన్నాడు యెఫీమ్. "ఇద్దరికీ" అన్నాను.

నేను బాగున్నాను, అత్తయ్యా. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను ఈమధ్య. మీకు ఈ మాట రాయాలనిపించింది.

ఫైనా


సొస్నొవీ యార్
1979 సెప్టెంబరు 12

అత్తయ్యా,

ఒబ్లెపీఖా కాసింది. మూడు చెట్లూ కాశాయి. కొమ్మ కనబడడంలేదు, అంతా నారింజ రంగు. కోస్తుంటే ముళ్లు గుచ్చుకుని రెండు చేతులూ జల్లెడ అయ్యాయి, అయినా ఆపబుద్ధి కావడంలేదు. రసం తీశాం. నూనె తీశాం. మీ మోకాళ్లకి ఒక సీసా పంపుతున్నాను, పడుకునేముందు రాసుకోండి. కమిటీవాళ్లు నా తోటని కొత్తవాళ్లకి చూపించడానికి తీసుకొస్తున్నారు. అందరి ముక్కల్లోనూ దుంపలేనట, ఇది ఒక్కటే తోటట.

వానలు పడుతున్నాయి. అంతా క్షేమం.

ఫైనా


కెద్రొవ్కా
1979 అక్టోబరు 1

ఫైనా,

నూనె రాసుకున్నాను, నొప్పి తగ్గింది. నీ తోట సంగతి చదివి ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను. అదంతా సరే. ఇప్పుడు కూర్చో. నా చెవిలో పువ్వులు పెట్టాలని చూడకు.

మగ మొక్క పెట్టెలో నలిగి చచ్చిందని నువ్వే రాశావు. ఇంకోటి పంపుతానేమోనని ముందే వద్దన్నావు. ఒబ్లెపీఖా ఆడచెట్టుకి తేనెటీగ పనికిరాదు, పూజ చేసినా పనికిరాదు. గాలి మగచెట్టు పుప్పొడి మోసుకొచ్చి పొయ్యాలి, ఆ చెట్టు దగ్గర్లోనే ఉండాలి. అందరి ముక్కల్లోనూ దుంపలేనంటావు. మూడు చెట్లూ కొమ్మ కనబడకుండా కాశాయంటావు. అయితే కంచె అవతల, గాలి వచ్చే వైపు, ఎవరో పనిగట్టుకుని మగ మొక్క తెచ్చి నాటారు. మూడేళ్ల క్రితమే నాటి ఉండాలి. ఎవరు?

పెట్టెలోంచి నీ ఉత్తరాలు తీసి వరసగా పరిచాను. మొదట 'సణుగుడు మనిషి'. మరుసటేడు 'యెఫీమ్ లుకీచ్'. ఆ పై ఏడు ఉట్టి 'యెఫీమ్'. ఇప్పుడు 'రసం తీశాం, నూనె తీశాం' అని ఉంది, పేరే లేదు. పేరు ఉన్నన్నాళ్లూ నేను పట్టించుకోలేదు. పేరు మాయమయ్యేసరికి నాకు అర్థమైంది. ప్లమ్ గురించి కూడా రెండేళ్లుగా అడుగుతున్నాను, నువ్వు నా మోకాళ్ల గురించి అడుగుతున్నావు.

నా దగ్గర నీ పప్పులుడకవు. ఉన్నదున్నట్టు రాయి.

ఉస్తీన్యా సవ్విచ్నా


సొస్నొవీ యార్
1979 అక్టోబరు 23

అత్తయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది, ఎలా ఉంటే అలా పంపేస్తాను.

ప్లమ్ చచ్చిపోయింది. మొదటి చలికాలంలోనే. మీరు జాలి పడకు అన్నారు, నేను పడ్డాను. నవంబరులో, ఆయన పోయిన రోజే, మంచు పడింది. ఫెల్ట్ బూట్లు వేసుకుని తొక్కడానికే వెళ్లాను. ఆ పిల్ల మొక్క చలిలో గజగజలాడుతూ ఒక్కర్తీ నిలబడి ఉంటే కాలు రాలేదు. పారతో దాని భుజాలదాకా మంచు పోశాను. ఆయన్ని ఎవరూ కప్పలేదు కదా అనిపించింది. మే నెలలో పైన మొగ్గలు పచ్చగానే ఉన్నాయి. బతికింది అనుకుని వేలితో తాకితే మొదలు దగ్గర బెరడు తడి కాగితంలా ఊడి చేతికొచ్చింది.

నేను అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను. యెఫీమ్ కంచె దాటి వచ్చాడు. వెక్కిరిస్తాడేమో అనుకున్నాను. చూసి, "ఇది చలికి పోలేదు, ఉక్కకి పోయింది" అని ఒక్క మాట అన్నాడు. తర్వాత పార తీసుకుని మొక్కని మెల్లగా తవ్వి తీశాడు. ఎవరిదని అడిగాడు. చెప్పాను. సాయంత్రం దాకా నా పక్కనే కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మనిషి మాట్లాడకుండా ఉండగలడని అప్పుడే తెలిసింది.

మగ మొక్క నాటింది ఆయనే. దారం కట్టిన మొక్క విరిగిపోయిందని నేను విసుక్కోవడం విని, ఆ వారమే ఎక్కడో నదీతీరం నుంచి తవ్వి తెచ్చి కంచె అవతల నాటాడట. కాయలు కాసేదాకా నాకు చెప్పలేదు.

ఈ ఆగస్టులో పెళ్లి చేసుకుందామని అడిగాడు. నాకు ఇష్టమే. నాకు ముప్పై ఎనిమిదేళ్లు అత్తయ్యా, నేను మళ్లీ నవ్వుతున్నాను. కానీ 'మా అత్తయ్యకి రాయాలి' అని చెప్పి ఇంతవరకూ రాయలేదు. ఎందుకో మీకు తెలుసు. అకులీనాగారి గడప సంగతి రాశారు మీరు. ఆ ఉత్తరం నాకు కంఠతా వచ్చు. అర్సేనీ పోయాక నాకు అమ్మయినా నాన్నయినా మీ ఉత్తరమే. అది ఆగిపోతుందంటే నాకు పెళ్లి వద్దు. బెదిరించడం కాదిది, నిజంగానే అంటున్నాను. యెఫీమ్‌కి కూడా ఇదే చెప్పాను. "ఆవిడ ఏమంటే అదే" అన్నాడు.

మీరేమంటారు?

ఫైనా


సొస్నొవీ యార్
1979 డిసెంబరు 27

అత్తయ్యా,

రెండు నెలలైంది. పోస్టమ్మాయి నన్ను చూడగానే దూరంనుంచే తల అడ్డంగా ఊపుతోంది. కోపమైతే కోపమనే రాయండి. తిట్టినా సరే. ఏమీ రాయకుండా మాత్రం ఉండకండి.

ఫైనా


కెద్రొవ్కా
1980 జనవరి 14

ఫైనా,

కోపమే. దాచుకోను. మొదటి మూడు వారాలు నీ మీద కోపం. ఆ తర్వాత అతని మీద. ఎవడో ఇంజన్ల మనిషి వచ్చి నా కొడుకు కుర్చీలో కూర్చుంటాడా అని కుతకుతలాడాను. పొయ్యి దగ్గర గిన్నెలు విసిరాను. పిల్లి వారం రోజులు ఇంటికి రాలేదు.

ఆ తర్వాత నీ ఉత్తరంలో ప్లమ్ దగ్గరికి వచ్చేసరికి చదవలేకపోయాను. ఎందుకో చెప్తాను. ఈ మాట ఏ మనిషికీ చెప్పలేదు.

గేటు పక్కన ప్లమ్ లేదు, ఫైనా. నువ్వు పిలక అడిగేనాటికే లేదు. వాడు పోయిన నవంబరులో టెలిగ్రామ్ వచ్చాక నా చేతులకి ఏం చెయ్యాలో తెలియలేదు. పార తీసుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ చెట్టు మీద మంచు పోశాను. మర్నాడూ పోశాను. నలభై ఏళ్లుగా ఈ ఊరందరికీ తోటపని పాఠాలు చెప్పినదాన్ని, ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. వసంతంలో నీలాగే వేలు పెట్టి చూశాను. బెరడు చేతికొచ్చింది. ఎవరూ చూడకముందే నరికేసి, మొదలు మీద పువ్వుల తొట్టి పెట్టాను. నీకెలా చెప్పను? అందుకే పిలక వద్దన్నాను. నువ్వు ఊపిరి ఉన్న వస్తువు ఒక్కటీ లేదని రాస్తే తట్టుకోలేక, అకులీనా దొడ్లోంచి పిలక ఒకటి తవ్వి పంపాను. నువ్వు మట్టిలో కూర్చుని ఏడ్చింది అకులీనా చెట్టుకి. మంచి జాతే అనుకో.

అంటే నువ్వూ నేనూ ఒకరికొకరం లేని చెట్టు గురించి రెండేళ్లు క్షేమసమాచారాలు రాసుకున్నాం. నిన్న ఈ సంగతి తలుచుకుని పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నవ్వాను. తర్వాత ఏడ్చాను. పిల్లి వచ్చి ఒళ్లో కూర్చుంది.

అకులీనా గడప సంగతి ఎందుకు రాశానో కూడా చెప్తాను. ఊరి కబురని రాయలేదు. నిన్ను భయపెట్టాలనే రాశాను. నువ్వు వయసులో ఉన్నావు, ఎప్పటికైనా ఎవరో వస్తారు, వచ్చాక ఈ ముసలిదానికి ఉత్తరం ఎవరు రాస్తారని నా భయం. అందుకే నిన్ను కట్టిపడేయాలని చూశాను. తప్పు నాది. అకులీనా ఇప్పుడు కోడలి పిల్లని చూడ్డానికి వారానికోసారి కాలవ దాటి వెళ్తోంది, ఇప్పుడు కోడలే ఆమెని గడప తొక్కనివ్వడంలేదు. చూస్తూనే ఉన్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు నీకు రాయను. రాయాల్సినవాళ్లకే రాస్తాను. అతని పూర్తి పేరు, ఇంటి అడ్రసు పంపు.

ఉస్తీన్యా సవ్విచ్నా


సొస్నొవీ యార్
1980 జనవరి 30

అత్తయ్యా,

యెఫీమ్ లుకీచ్ జావ్యలొవ్. రేవు వీధి, మూడో ఇల్లు. ఆయనకి చెప్పాను, మీరు రాస్తారని. గడ్డం గీసుకుని కూర్చున్నాడు, ఉత్తరానికి గడ్డం ఎందుకని అడిగితే సిగ్గుపడ్డాడు.

నాకు భయంగా ఉంది. అకులీనాగారి ప్లమ్ కోసం ఏడ్చినందుకు మాత్రం నాకేం బాధలేదు.

ఫైనా


కెద్రొవ్కా
1980 ఫిబ్రవరి 16

అల్లుడు యెఫీమ్ లుకీచ్ గారికి,

ఉస్తీన్యా సవ్విచ్నా రాయునది. పై మాట చూసి ఉత్తరం ఎవరిదో పొరపాటున మీకొచ్చిందనుకోకండి. ఆలోచించే రాశాను. ఫైనాకి తల్లి లేదు, తండ్రి లేడు. పిల్లని చేసుకునేవాడు ఎవరో ఒకరిని అడగాలి కదా. అడగండి, నేనున్నాను. నా కోడలిగా పన్నెండేళ్లు ఉంది, ఇప్పుడు కూతురిగా ఇస్తున్నాను. వరస కుదరదని మీ ఊళ్లో ఎవరైనా అంటే నా దగ్గరకి పంపండి.

మీరు తాగుతారా? పండగలకైతే సరే. స్టీమర్ల మీద పనివాళ్లకి నూనె చేతులుంటాయి, భోజనానికి ముందు ఇసకతో రుద్ది కడుక్కోవాలి. ఫైనా పొద్దున లేవగానే మాట్లాడదు, టీ తాగేదాకా పలకరించకండి. పిరోగ్ పచ్చిగా ఉంటే ఉందని చెప్పండి. మా అబ్బాయి చెప్పేవాడు కాదు, అందుకే అది ఇంకా నేర్చుకోలేదు.

మర్యాదగా రాసే ఓపిక ఇంతవరకే, నాయనా. ఇక మామూలుగా రాస్తాను. నువ్వు కంచె అవతల మొక్క నాటి మూడేళ్లు నోరు మూసుకుని ఉన్నావని ఫైనా రాసింది. చచ్చిన ప్లమ్‌ని వెక్కిరించకుండా తవ్వి తీశావని కూడా రాసింది. ఈ రెండూ చదివాకే నా కోపం పోయింది. నీ గురించి వట్టి నోటి మాటగా ఏం చెప్పినా నమ్మేదాన్ని కాదు.

మా అర్సేనీ ఫొటో ఆమె గోడమీద ఉంటుంది. దాన్ని తీయించకు. నువ్వు తీయించవని తెలుసు, అయినా తల్లిని కదా, రాయకుండా ఉండలేను.

పెళ్లి మే నెలలో వద్దు, ఆ నెలలో చేసుకుంటే జీవితాంతం అవస్థేనని మా వైపు పట్టింపు. జూన్ చివర పెట్టుకోండి, జీమొలస్త్ ముదురుతుంది. రైలుకి రెండు రోజులు, ఆ పైన మీ నది స్టీమరు. నా మోకాళ్లతో ఎలా వస్తానని ఫైనా గోల చేస్తుంది, పట్టించుకోకు.

పెళ్లి బల్లకి ఒకవైపు మీవాళ్లు కూర్చుంటారు. రెండోవైపు ఆమె తరఫున ఎవరిని కూర్చోబెట్టాలో తెలియక, ఆ పిల్ల పైకి చెప్పకుండా దిగులు పడుతూ ఉంటుంది. ఆమెకి చెప్పు, అటువైపు మధ్యలో ఒక కుర్చీ వేయమని. వీపు ఆనించుకునే రకం వేయించు. నేను కూర్చుంటాను.

ఉస్తీన్యా సవ్విచ్నా